దిబ్బల్లోకి దయ్యాలు ఎప్పుడు చేరాయి?

కథల వెనక కథ: పాఠకుల ప్రశ్నలు, విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెలవుల్లో టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదలుపెట్టాను. సినిమాలు చాలాసార్లు చూశాను కానీ, వాటిలో లేని ఘట్టం ఒకటి పుస్తకంలో వచ్చింది. కథానాయకుడు ఫ్రోడో, అతని ముగ్గురు స్నేహితులు పొగమంచులో దారి తప్పి 'బారో-డౌన్స్' అనే సమాధి దిబ్బల మధ్య ఒక దయ్యానికి చిక్కుతారు. ఆ దయ్యం అక్కడ పాతిపెట్టిన రాజుదే అని నేను అంటున్నాను. కాదు, అది వేరే ఏదో అని మా ఫ్రెండ్ అంటున్నాడు. ఆ దిబ్బలు ఎవరు కట్టారు? వాటిలోకి దయ్యాలు ఎలా వచ్చాయి?
– ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: బాబూ, మీ ఫ్రెండ్ చెప్పిందే నిజం. మొదటిసారి చదివినప్పుడు నేను కూడా నీలాగే అనుకున్నాను. ఆ అధ్యాయం వరకే చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అసలు సంగతి మూడో సంపుటం చివర, అనుబంధాల్లో ఉంది. కథ అయిపోగానే పుస్తకం మూసేసేవాళ్లు ఆ పేజీల దాకా వెళ్లరు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ముందు దిబ్బల సంగతి. వాటి పాత పేరు టిర్న్ గోర్థాడ్. వాటిలో చాలావాటిని కట్టింది ఎడైన్ అనే మానవ తెగల పూర్వీకులు. అది ఆ లోకంలో మొదటి యుగం. తూర్పు నుంచి పడమరకు వలస పోతూ, నీలి పర్వతాలు దాటి బెలేరియాండ్ దేశంలోకి వెళ్లకముందే, వాళ్లు ఈ గుట్టల మీద తమవాళ్లను పాతిపెట్టి పైన మట్టి ఎత్తారు. తర్వాతి కాలంలో ఆ తెగల సంతతికి సముద్రం మధ్య న్యూమెనోర్ అనే దీవి దక్కింది. అది మునిగిపోయినప్పుడు బతికి బయటపడ్డవాళ్లు ఎలెండిల్ వెంట ఓడల్లో తిరిగొచ్చి, ఉత్తరాన అర్నోర్ రాజ్యం స్థాపించారు. వాళ్లనే డూనెడైన్ అంటారు. ఎన్నో తరాల తర్వాత తాతల ఊరికి తిరిగొచ్చిన కుటుంబం ముందు ఏం వెతుక్కుంటుంది? తమవాళ్ల సమాధులు ఎక్కడున్నాయో వెతుక్కుంటుంది. డూనెడైన్ కూడా ఆ గుట్టల్ని అలాగే భక్తితో చూసుకున్నారు. తమ రాజుల్ని, దొరల్ని తెచ్చి అక్కడే పాతిపెట్టారు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మనుషులు బెలేరియాండ్‌లో అడుగుపెట్టింది మొదటి యుగం 310లో. ఆ యుగం 590 దగ్గర ముగిసింది. రెండో యుగం 3441 ఏళ్లు నడిచింది. దయ్యాలు చేరింది మూడో యుగం 1636లో. అన్నీ కలిపితే 5300 ఏళ్ల పైమాటే. అన్నేళ్లూ ఆ దిబ్బల్లో చనిపోయినవాళ్లు ఉన్నారు, దయ్యం మాత్రం ఒక్కటీ లేదు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకం ఇదే. చావు ఉన్నంత మాత్రాన ఆ చోటు చెడిపోలేదు. చెడిపోవడానికి ఇంకేదో జరగాలి.

అది ఎలా జరిగిందో చూడు. మూడో యుగం 861లో అర్నోర్ రాజు చనిపోతే, కొడుకుల మధ్య గొడవలొచ్చి రాజ్యం మూడు ముక్కలైంది. ఆర్థెడైన్, రుడౌర్, కార్డోలన్. మన దిబ్బలు కార్డోలన్ వాటాకు వచ్చాయి. 1300 ప్రాంతంలో ఉత్తరాన ఆంగ్మార్ అనే దుష్టరాజ్యం లేచింది. దాని ఏలిక మాంత్రికరాజు. సినిమాలో నల్ల ముసుగు గుర్రపు రౌతుల నాయకుడిగా నువ్వు చూసింది అతన్నే. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల రాజ్యాల్లో రుడౌర్ మెల్లగా అతని చేతికి చిక్కింది. 1409లో ఆంగ్మార్ సైన్యం నది దాటి కార్డోలన్‌లోకి వచ్చింది. వెదర్‌టాప్ కొండ మీది బురుజును తగలబెట్టింది. ఆర్థెడైన్ రాజు అర్వెలెగ్ చనిపోయాడు. కార్డోలన్ ఊళ్లన్నీ దోచేశారు. ఆ దేశపు చివరి రాకుమారుడు ఆ యుద్ధంలోనే కూలిపోయాడు. ఫ్రోడో చిక్కుకున్న సమాధి అతనిదే అని కొందరు అంటారని టోల్కీన్ రాశాడు.

ఈ తరవాతి మాట కోసమే నేను ఆ అనుబంధాన్ని మళ్లీ మళ్లీ చదువుతాను. దేశం మట్టిపాలైనా కార్డోలన్ డూనెడైన్‌లో కొందరు ఊరు విడిచిపోలేదు. టిర్న్ గోర్థాడ్ గుట్టల్లోనే నిలబడి పోరాడారు. మిగిలినవాళ్లు వెనక ఉన్న అడవిలో తలదాచుకున్నారు. అంటే చివరికి వాళ్లకు కోటగా మిగిలింది తమ పెద్దల సమాధులే. ఆ తర్వాత 227 ఏళ్లు గడిచాయి. 1636లో ఆగ్నేయం వైపు నుంచి ఒక మహమ్మారి వచ్చింది. దక్షిణాన గోండోర్ రాజు, అతని పిల్లలందరూ దానికే పోయారు. కార్డోలన్‌లో మిగిలిన ఆ కొద్దిమంది డూనెడైన్ కూడా అందులోనే పూర్తిగా తుడిచిపెట్టుకుపోయారు. సరిగ్గా అప్పుడు, మనిషన్నవాడు లేని ఆ దిబ్బల్లోకి ఆంగ్మార్ నుంచి, రుడౌర్ నుంచి దుష్టాత్మలు వచ్చి చేరాయి.

వాటిని పంపింది మాంత్రికరాజే అని టోల్కీన్ నోట్స్‌లో ఉంది. అవి ఆయన పోయాక బయటికొచ్చాయి. ఎందుకు పంపాడో ఊహించడం కష్టం కాదు. తర్వాత ఆర్థెడైన్ రాజు అరవల్ కార్డోలన్‌లో మళ్లీ జనాన్ని నిలపాలని చూశాడు. దిబ్బల్లోని ఆత్మలకు భయపడి ఎవరూ ఆ చుట్టుపక్కల కాపురం ఉండలేకపోయారు. ఒక్క సైనికుణ్ని కూడా కాపలా పెట్టక్కర్లేకుండా శత్రువు ఒక దేశం మొత్తాన్ని బీడుగా ఉంచగలిగాడు. 1975లో ఫోర్నోస్ట్ దగ్గర ఓడిపోయి ఆంగ్మార్ నాశనమైంది. పెట్టినవాడి రాజ్యం పోయినా, పెట్టిన దయ్యాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఫ్రోడో అటు వచ్చింది 3018 సెప్టెంబరు చివర్లో. అంటే అవి చేరి అప్పటికి 1382 ఏళ్లు.

కాబట్టి నీ ప్రశ్నకు నేరుగా జవాబు ఇది: రాకుమారుడు పోయింది 1409లో. ఆత్మలు వచ్చింది 1636లో. అతను ఆ ఇంటి యజమాని, అవి ఆ ఇంట్లో జొరబడ్డ దొంగలు.

పుస్తకంలోనే దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. ఆ చుట్టుపక్కలే ఉండే టామ్ బాంబడిల్ అనే ఆయన వచ్చి అందర్నీ బయటికి లాగాక, ఫ్రోడో స్నేహితుల్లో ఒకడైన మెర్రీ కళ్లు తెరుస్తాడు. తన తలమీది బంగారు పట్టీని తడుముకుంటూ, తనది కాని ఒక జ్ఞాపకం చెబుతాడు. కార్న్ డూమ్ మనుషులు రాత్రివేళ తమ మీద పడ్డారనీ, ఈటె గుండెలో దిగిందనీ అంటాడు. కార్న్ డూమ్ అంటే ఆంగ్మార్ కోట. అది చచ్చిపోయిన కార్డోలన్ వీరుడి జ్ఞాపకం. అందులో ద్వేషం లేదు, ఎవరినీ పట్టి చంపాలన్న కోరిక లేదు. నిద్రలో తన మీద జరిగిన దాడి ఉంది, ఆ నొప్పి ఉంది. సమాధిలో పాటలు పాడుతూ ఫ్రోడో స్నేహితుల మెడల మీద కత్తి అడ్డంగా పెట్టిన ఆ చల్లటి చెయ్యి వేరు, మెర్రీ నోట పలికిన ఈ గొంతు వేరు. రెండూ ఒకే దిబ్బలో ఉన్నాయి. ఈ తేడా పట్టుకుంటే ఆ అధ్యాయం కొత్తగా కనిపిస్తుంది. ఒకసారి మళ్లీ చదువు బాబూ.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ దిబ్బలోని సొత్తు నుంచి టామ్ నలుగురికీ నాలుగు కత్తులు ఇస్తాడు. ఆంగ్మార్‌తో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఆ మాంత్రికరాజునే మనసులో పెట్టుకుని డూనెడైన్ తయారుచేసిన కత్తులు అవి. కథ చివరికొచ్చేసరికి, పెలెన్నోర్ యుద్ధంలో మెర్రీ ఆ కత్తితోనే మాంత్రికరాజు మోకాలి వెనక పొడుస్తాడు. వాడి మంత్రకవచం తెగుతుంది, ఎయోవిన్ అనే వీరవనిత చేతిలో వాడు పోతాడు. పదహారు వందల ఏళ్ల కిందట ఓడిపోయిన ఒక చిన్న దేశపు కమ్మరి చేసిన పని అప్పుడు నెరవేరింది. ఆ కమ్మరికి ఆ సంగతి తెలిసుంటే ఎంత సంతోషించేవాడో అని టోల్కీన్ అక్కడ ఆగి ఒక మాట అంటాడు. ఆ వాక్యం దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా మనవడు ఈ పుస్తకం చదువుతూ 'బారో-వైట్' అంటున్నాడు. అంటే తెల్లటి దయ్యమా?
– ఒక తాతగారు, సీతమ్మధార

జవాబు: కాదండీ. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ, తెలుపు అనే మాటకీ దీనికీ సంబంధం లేదు. ఈ 'వైట్' పాత ఇంగ్లిషులోని 'విహ్ట్' నుంచి వచ్చింది. ప్రాణి, జీవి అని దాని అర్థం. మనిషికి కూడా వాడేవాళ్లు. 'బారో' కూడా పాత మాటే. కొండ, గుట్ట అనే అర్థం ఉన్న 'బెయోర్గ్' నుంచి వచ్చి, సమాధి మీద ఎత్తిన దిబ్బకు పేరైంది. కాబట్టి 'దిబ్బలో ఉండేది' అంటే సరిపోతుంది. పల్లెల్లో పెద్దవాళ్లు దయ్యం పేరు నోటితో అనకుండా 'అక్కడ ఒకటి ఉంది' అంటారు చూడండి, అదే తీరు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను హైస్కూల్ టీచర్‌ని. ఈ దయ్యాల దిబ్బలన్నీ టోల్కీన్ సొంతంగా కల్పించినవేనా? లేక నిజంగా అలాంటి చోట్లు, నమ్మకాలు ఉన్నాయా? మన దగ్గర కూడా ఉన్నాయా?
– ఒక ఉపాధ్యాయురాలు, గాజువాక

జవాబు: అమ్మా, చాలా మంచి ప్రశ్న అడిగారు. దిబ్బలు నిజంగానే ఉన్నాయి. ఇంగ్లండులో పొలాల మధ్య, గుట్టల మీద ఎక్కడ చూసినా కనిపిస్తాయి. కొన్ని ఐదు వేల ఏళ్లకు పైబడిన పొడవాటి దిబ్బలు, లోపల రాతి గదులు ఉంటాయి. వెస్ట్ కెన్నెట్ దిబ్బ అలాంటిదే. టోల్కీన్ చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన ఆక్స్‌ఫర్డ్ నుంచి చూడడానికి వెళ్లేంత దూరంలో వేలాండ్స్ స్మిథీ అనే పాత సమాధి ఉంది. అందులో కనిపించని కమ్మరి ఒకడు ఉంటాడని జనం నమ్మేవాళ్లు. కట్టినవాళ్ల పేరు, భాష, దేవుడు అన్నీ పోయాయి. దాదాపు నాలుగు వేల ఏళ్ల తర్వాత వచ్చి చేరిన జనం ఆ రాళ్లను చూసి ఇది ఎవరిదో అనుకుని ఒక కథ చెప్పుకున్నారు.

నమ్మకాలు కూడా పాతవే. ఐస్‌లాండు పాత కథల్లో 'హౌగ్‌బూయి' అనే మాట ఉంది. దిబ్బలో కాపురం ఉండేవాడు అని అర్థం. అక్కడ మాత్రం దయ్యం చచ్చిన మనిషే. గ్రెట్టిర్ అనే వీరుడి కథలో కార్ అనే ముసలాయన చనిపోయాక దిబ్బలోంచి లేచి రైతుల్ని బెదిరిస్తాడు. రైతులందరూ పారిపోయాక దీవి మొత్తం అతని కొడుకు చేతికి వస్తుంది. గ్రెట్టిర్ తాడు పట్టుకుని దిబ్బలోకి దిగి, కుర్చీలో కూర్చుని ఉన్న ఆ శవంతో చీకట్లో కలియబడి, తల నరికి, ఒక పొట్టి కత్తి తెచ్చుకుంటాడు. జనం పారిపోవడం, దిబ్బలోని కత్తి, ఈ రెండూ టోల్కీన్ కథలో కనిపిస్తాయి. కానీ ఆయన చచ్చిన మనిషిని దయ్యం చేయలేదు. ఆ మార్పు ఆయనది.

ఆ మార్పుకు దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది. 'బెయోవుల్ఫ్' అనే పాత ఇంగ్లిషు కావ్యంలో ఒక జాతి మొత్తం చచ్చిపోగా మిగిలిన చివరి మనిషి ఒకడు, తమవాళ్ల బంగారాన్నంతా దిబ్బలో పెట్టి, ఇక దీన్ని నువ్వే దాచుకో అని భూమికి అప్పజెప్పి ఏడుస్తాడు. అతనూ పోయాక, కాపలా లేని ఆ దిబ్బలో ఒక రాక్షస సర్పం దూరి, ఆ బంగారం మీద 300 ఏళ్లు పడుకుంటుంది. కార్డోలన్ కథ ఎముకల గూడు ఇదే. ఒక జనం పోవడం ముందు, చెడు చేరడం తర్వాత. టోల్కీన్ ఆ కావ్యం మీద 1936లో ఇచ్చిన ఉపన్యాసాన్ని ఇప్పటికీ పండితులు చదువుతారు.

మీరు టీచర్ కాబట్టి ఇది కూడా చెబుతాను, పిల్లలకు పనికొస్తుంది. టోల్కీన్‌కు ముందు తట్టింది దయ్యమే, చరిత్ర తర్వాత వచ్చింది. 1934లో ఒక ఆక్స్‌ఫర్డ్ పత్రికలో టామ్ బాంబడిల్ మీద ఆయన పద్యం ఒకటి అచ్చయింది. అందులోనే దిబ్బలోని వైట్ రాత్రిపూట టామ్ ఇంట్లో తలుపు వెనక నిలబడి ఉంటుంది. టామ్ దాన్ని కసిరి వెళ్లగొడతాడు. అప్పటికి కార్డోలన్ లేదు, మాంత్రికరాజు లేడు. కథ మొదటి సంపుటం 1954లో వచ్చింది, దిబ్బల చరిత్ర ఉన్న అనుబంధాలు 1955లో వచ్చాయి. ఒక చిన్న భయం మనసులో పడింది. అది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందని ఇరవై ఏళ్లు వెనక్కి తవ్వుకుంటూ పోయాడు ఆయన. రాసేవాళ్లు చాలామంది ఇలాగే రాస్తారు.

ఇక మన దగ్గరి సంగతి.

మాది అనకాపల్లి వైపు పల్లె. ఆరేడేళ్ల వయసులో కనుమ రోజున మా నాయనమ్మ నన్ను శంకరం ఊరి దగ్గర బొజ్జన్నకొండకు తీసుకెళ్లింది. కొత్త గౌను, చేతిలో చెరుకు ముక్క. కొండ మీద తిరునాళ్లలా జనం. ఒకచోట అందరూ ఆగి, బొజ్జలా ఉబ్బి ఉన్న ఒక రాతి ఆకారం మీదికి రాళ్లు విసురుతున్నారు. అది రాక్షసుడట. నాయనమ్మ నా చేతిలో కూడా ఒక రాయి పెట్టింది. నేను విసిరాను. తగిలింది. పక్కనున్నవాళ్లు మెచ్చుకున్నారు.

తర్వాత ఎంఏ హిస్టరీలో చేరాక తెలిసింది అది ఏమిటో. బొజ్జన్నకొండ బౌద్ధ క్షేత్రం. రాతిలో తొలిచిన గుహలు, బుద్ధుడి విగ్రహాలు, పక్కనే లింగాలమెట్ట మీద వరసలు వరసలుగా కొండరాయిని చెక్కి చేసిన చిన్న చిన్న స్తూపాలు ఉన్నాయి. గుప్త రాజు సముద్రగుప్తుడి నాణెం కూడా అక్కడ దొరికింది. బుద్ధుడి కొండే జనం నోట్లో పడి బొజ్జన్నకొండ అయిందంటారు. స్తూపం అనే మాటకు అర్థమే కుప్ప, దిబ్బ. బుద్ధుడి అస్థికలను ఎనిమిది భాగాలు చేసి, వాటి మీద స్తూపాలు కట్టారని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. అంటే చనిపోయిన ఒక మనిషి ఎముకల మీద ఎత్తిన దిబ్బ చుట్టూ వందల ఏళ్ల పాటు జనం దీపాలు పెట్టి, పూలు చల్లి, ప్రదక్షిణలు చేశారు. ఎవరికీ భయం వేయలేదు. బిక్షువులు వెళ్లిపోయాక, ఆ రాళ్లు ఏమిటో చెప్పేవాళ్లు లేకుండా పోయాక, అదే చోట రాక్షసుడు వెలిశాడు. మా నాయనమ్మ చాలా మంచి మనిషి. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ రాళ్లు వేసే అలవాటును ఈ మధ్య సంవత్సరాల్లో చాలా కష్టపడి మాన్పించారు. మాన్పించినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

ఇలాంటివి ఒక్కచోట కాదు. ములుగు జిల్లా దామరవాయి దగ్గర అడవిలో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన సమాధులు గుంపుగా ఉన్నాయి. అవి ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన కాలపు మనుషులవి. వాటిని జనం 'రాక్షస గుళ్ళు' అంటారు. ఇంత బండ మనిషి ఎత్తలేడు కాబట్టి రాక్షసులే ఎత్తారన్నమాట. భట్టిప్రోలులో, ఘంటసాలలో స్తూపాల దిబ్బలకైతే 'లంజ దిబ్బ' అని పేరు పడిపోయింది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు అస్థికలు దాచిన పేటికలు, వాటి మీద ప్రాచీన బ్రాహ్మీ శాసనాలు బయటపడ్డాయి. అంత పవిత్రంగా దాచుకున్న చోటుకు అలాంటి పేరు!

మీ స్కూలు పిల్లల్ని ఒక ఆదివారం తొట్లకొండకు తీసుకెళ్లండి. భీమిలి బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, అందుకే ఆ పేరు. ఆ పక్కన బావికొండకు బావుల వల్ల పేరొచ్చింది. అక్కడ స్తూపంలో అస్థికల పాత్ర దొరికింది. స్తూపం పునాది ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, ఇక్కడ ఎవరు ఉండేవాళ్లు, ఏం తినేవాళ్లు, నీళ్లు ఎలా దాచుకునేవాళ్లు అని చెప్పండి. టోల్కీన్ దిబ్బల కథ కూడా అక్కడే చెప్పొచ్చు, సముద్రం కనిపిస్తూ ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, రాజు దయ్యం కాదు సరే. కానీ రాకాసి ఆత్మలు ఖాళీగా ఉన్న ఏ ఇంట్లోనైనా దూరొచ్చు కదా? సమాధుల్నే ఎందుకు ఎంచుకున్నాయి?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: లోపల రాజుల ఎముకలున్నాయి, బంగారం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ జనానికి వాటి మీద ప్రేమ ఉంది. శత్రువు ఎప్పుడూ దాన్నే చూసుకుంటాడు. పాడుబడ్డ పశువులపాకలో దయ్యం చేరితే ఎవరికి బాధ? తాతగారి సమాధి దగ్గరికి వెళ్లాలంటే భయం వేసేలా చేస్తే ఆ జాతి మళ్లీ లేవదు.

నాకు ఇది పూర్తిగా అర్థమైంది 2021 మే నెలలో. కోవిడ్ రెండో వేవ్. మా వీధిలో ఒక పెద్దాయన పోతే, పదకొండో రోజు చేయడానికి ఆ ఇంట్లో లేచి నిలబడగలిగినవాళ్లు లేరు. కొడుకు ఆసుపత్రిలో, కోడలు ఇంకో గదిలో. ఆ ఇంటి ముందు నుంచి నడవడానికి కూడా జనం జంకేవారు. నిన్నటిదాకా అందరూ కూర్చుని కాఫీ తాగిన అరుగు అది. అప్పుడు నేను మళ్లీ ఆ అనుబంధం తీసి 1636 దగ్గర చదువుకున్నాను. అంతకుముందు అది నాకు ఒక తేదీ మాత్రమే.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను తెలుగులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లో దయ్యాలున్న సమాధి దిబ్బను పెట్టాలనుకుంటున్నాను. ఏమైనా సలహా ఇస్తారా?
– ఒక కొత్త రచయిత, పెందుర్తి

జవాబు: రాయండి, తప్పకుండా రాయండి. తెలుగులో ఇలాంటివి ఇంకా రావాలి. చోటు గురించి మాత్రం ఒక మాట. ఎర్రమట్టి దిబ్బలు ఎవరూ కట్టినవి కావు. గాలి, సముద్రం, వాన వేల ఏళ్లుగా పేర్చి కోసిన ఇసుక. వానొస్తే గోడలు జారుతాయి, వాగులు దారి మార్చుకుంటాయి. అక్కడ పాతిపెట్టింది ఏదీ పెట్టినచోట ఉండదు. మీ కథకు అది కావాలంటే వాడుకోండి, సమాధి తనంతట తాను బయటపడడానికి మంచి చోటు. గట్టి దిబ్బ కావాలంటే మాత్రం రాతి కొండ ఎంచుకోండి.

రెండోది, దయ్యంతో మొదలుపెట్టినా ఫర్వాలేదు, టోల్కీన్ కూడా అలాగే మొదలుపెట్టాడు. కానీ దాని వెనక మూడు సంగతులు మీకు తెలిసి ఉండాలి. ఆ దిబ్బ ఎత్తింది ఎవరు, అక్కడికి ఎవరు ఏటా వచ్చేవాళ్లు, వాళ్లు రావడం ఏ ఏడు ఆగిపోయింది. మూడోదే అసలైనది. మనవైపు సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెడతాం కదా. ఆ బట్టలు పెట్టే చేతులు ఒక ఊళ్లో ఎందుకు లేకుండా పోయాయో మీరు చెప్పగలిగితే, భయం దానంతట అదే వస్తుంది. గజ్జెల చప్పుడు, తెల్లచీర అక్కర్లేదు.

భయం పోయే దారి కూడా ముందే ఆలోచించుకోండి. టామ్ బాంబడిల్ ఆ సమాధిలోని బంగారాన్నంతా బయటికి తెచ్చి దిబ్బ మీద ఎండలో పరుస్తాడు. పక్షులైనా, జంతువులైనా, మనుషులైనా మంచి మనసుతో వచ్చినవాళ్లు తీసుకోవచ్చని వదిలేస్తాడు. అలా చేస్తేనే ఆ దిబ్బ మీది మంత్రం చెదిరిపోతుంది, ఇంకే వైట్ తిరిగి రాదు. తన భార్య గోల్డ్‌బెరీ కోసం మాత్రం నీలి రాళ్లు పొదిగిన ఒక పిన్ను తీసుకుంటాడు. చాలా కాలం కిందట దాన్ని భుజాన పెట్టుకున్న ఒక అందమైన మనిషి అతనికి గుర్తొస్తుంది. ఆమెను మరిచిపోబోమని అంటాడు. ఆమె ఎవరో కథలో ఇంకెక్కడా రాదు. దయ్యం గురించి కాకుండా, అక్కడ ఒకప్పుడు బతికిన మనిషి గురించి అన్న మాట అది.

మీ దిబ్బలో పడుకున్న మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. ఆమె పేరు, ఊరు, చేతికి వేసుకున్న గాజుల రంగు. నవల్లో అవన్నీ రాయకపోయినా మీకు తెలిసి ఉండాలి. మొదటి అధ్యాయం పూర్తయ్యాక పంపండి, చదివి రాస్తాను.